ఉరుముల బండి దిగలేని సూపరింటెండెంటు

మా సింగన్నపేట పురపాలక సంఘానికి ఒక అక్కగారు ఉన్నారు. జర్మనీలో ఉంటారు. పేరు ఓబెర్‌క్లింగెన్. ఆవిడా ఊరే. ఊళ్ళకూ ఊళ్ళకూ అక్కాచెల్లెళ్ళ వరస కలిపే పథకం పైనుంచి దిగినప్పుడు, మిగతా మున్సిపాలిటీలు ఏ ఊరితో కలిస్తే ఏం వస్తుందా అని లెక్కలు వేసుకుంటుండగానే మా కమిషనర్ చక్రధరం గారు సంతకం పెట్టేశారు. వాళ్ళకీ ఒక వాగు ఉంది, మనకీ ఒక వాగు ఉంది, అదీ పోలిక. వాళ్ళ వాగులో చేపలుంటాయి. మా వాగులో చేపలు తప్ప అన్నీ ఉంటాయి.

వరస కలిశాక సారె పంపాలి గదా. మేం ఒక బుట్ట బెల్లం, ఒక శాలువా, ఫ్రేము కట్టించిన కమిషనర్ గారి ఫోటో పంపాం. అటునుంచి ఒక చెక్కపెట్టె వచ్చింది. పెట్టె మీద ఇంగ్లీషులో 'హార్డ్ రాక్' అని ఉండటంతో తపాలా చూసే గుమాస్తా దాన్ని ఇంజనీరింగ్ సెక్షన్‌కు పంపాడు. గట్టి రాయి గదా, రోడ్ల వాళ్ళది. ఇంజనీరింగ్ వాళ్ళు మూత తీసి చూసి, 'హెవీ మెటల్ అని కూడా వ్రాసియున్నది గాని లోపల మెటల్ గాని కంకర గాని కానరాలేదు' అని నోటు రాసి జనరల్ సెక్షన్‌కు తోశారు. జనరల్ సెక్షన్‌లో హెడ్ గుమాస్తాను నేను. రాళ్ళు ఎక్కడ బయల్దేరినా చివరికి పడేది నా నెత్తినే.

పెట్టె నిండా పాటల డిస్కులు. ఆ ఊళ్ళో యాభై ఏళ్ళుగా చెవులు చిల్లులు పడేలా వాయిస్తున్న బృందం ఒకటి ఉంది. పేరు డోనర్‌వాగెన్. ఉరుముల బండి అని అర్థమట. కుర్రతనంలో మొదలుపెట్టి మనవల్ని ఎత్తుకునే వయసు దాకా వాళ్ళు చేసిన ఆల్బమ్‌లన్నీ ఒక్కటి తగ్గకుండా పంపారు. ఇలా ఒకరి డిస్కులన్నిటినీ కలిపి డిస్కోగ్రఫీ అంటారని పెట్టె మీదే రాసుంది. భూగోళం జాగ్రఫీ అయినప్పుడు డిస్కుల గోల డిస్కోగ్రఫీ అవడంలో నాకు తప్పు కనిపించలేదు.

తప్పు కనిపించింది స్టోర్స్ నిబంధనలకు. ఆఫీసుకు వచ్చిన ఏ సరుకైనా స్టాకులో ఎక్కాలంటే 'పరిశీలించితిని, బాగున్నది' అని సంతకం పడాలి. చీపుర్లయితే ఊడ్చి చూస్తాం. బల్బులయితే వెలిగించి చూస్తాం. పాటలయితే వినాలి. ఒకరు వింటే చాలదా అని నేనడిగాను. కానుక 'మున్సిపల్ కార్యాలయ సోదరులందరికీ' అని వచ్చింది కాబట్టి అందరూ లబ్ధిదారులేనని, లబ్ధి పొందని లబ్ధిదారుడు ఉంటే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందని కమిషనర్ గారు వివరించారు. మర్నాడు సర్క్యులర్ దిగింది.

'పై విషయమునకు సంబంధించి సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సోదరి నగరము వారు ప్రేమపూర్వకముగా పంపిన శబ్దసంపదను ప్రతి ఉద్యోగియు ఆద్యంతము ఆలకించి, ఆలకించినట్లు ధ్రువపత్రము పొందవలెను. సదరు శ్రవణ ధ్రువపత్రము లేనివారికి ఇంక్రిమెంటు, బదిలీ, పదోన్నతి, పదవీ విరమణ వర్తించవు.'

ఇంక్రిమెంటు దగ్గర సగం ఆఫీసు మూలిగింది. చివరి మాట దగ్గర ఒక్కడే మూలిగాడు. సూపరింటెండెంటు పొట్నూరు భానోజీరావు. ఆగస్టు ఆఖరుకి అతని రిటైర్‌మెంటు.

రిటైర్‌మెంటంటే మామూలుగా మావాళ్ళకు గుండెల్లో రాయి పడుతుంది. భానోజీరావుకి మాత్రం గుండెల మీంచి రాయి దిగుతుంది. అతను పద్యనాటకాల మనిషి. గొంతు విప్పితే రికార్డు రూములో చెదలు కూడా తినడం ఆపి వింటాయి. కానీ ఉద్యోగి రంగస్థలం ఎక్కాలంటే ముందుగా పైవాళ్ళ అనుమతి తీసుకోవాలని రూలుంది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ప్రతి ఏడూ రామవలస పరిషత్తు నాటక పోటీలకు దరఖాస్తు పెడతాడు. ప్రతి ఏడూ అనుమతి నాటకం అయ్యాక వస్తుంది. ఒకసారైతే 'నాటకము ఇదివరకే ముగిసినందున అనుమతి అవసరము లేదని భావించడమైనది' అని వచ్చింది. పెళ్ళయిన కొత్తల్లో కొనుక్కున్న రాజు కిరీటం ఒకసారైనా నెత్తికెక్కకుండా బీరువా మీదే ఉండిపోయింది. వాళ్ళావిడ వరహాలమ్మ శుక్రవారం శుక్రవారం దాన్ని గుడ్డతో తుడుస్తుంది. ఈ కార్తీకానికి భానోజీరావు ఉద్యోగి కాదు. అనుమతి అక్కర్లేదు. రాజ్యం పోగొట్టుకున్న రాజు వేషం అతనికే ఇస్తామని పరిషత్తువాళ్ళు మాట కూడా ఇచ్చేశారు.

సర్క్యులర్ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఇదేటి గురూ? ఉద్యోగం సేయడానికి పరీచ్చ రాసినాం, బాగుంది. మానడానికి కూడా పరీచ్చేటి?"

పాటలే గదా, విని పారేద్దాం, నీ చెవులకు సంగీతం కొత్తా అన్నాను. అతను ఓ డిస్కు అట్ట తిప్పి చూసి, ఆ గెడ్డాలూ గొలుసులూ చూసి, ఇది సంగీతం కాదు సంగతేదో అన్నాడు. ఆ మాట మీదే బయల్దేరాం.

రోజూ మూడింటికి కౌన్సిల్ హాల్లో శ్రవణం. చెత్త బళ్ళ మీది మైకులు ఊడదీసి నాలుగు మూలలా కట్టించారు. హాజరు తీసుకోవడానికీ, ఎవరైనా చెవుల్లో దూది పెట్టుకున్నారేమో చూడటానికీ శానిటరీ ఇన్‌స్పెక్టర్ కర్రి సన్యాసినాయుణ్ణి శ్రవణాధికారిగా వేశారు. అతనికి జర్మన్ వచ్చునని పేరు. మురుగు తోడే జర్మనీ యంత్రం ఒకటి మాకుంది. దాని వెంట వచ్చిన పుస్తకం చదివి నేర్చుకున్నాడు. కనుక అతని జర్మన్‌లో మూతలు, గొట్టాలు, ఒత్తిళ్ళు తప్ప వేరే ముచ్చట్లు ఉండవు.

ఇక్కడ మా ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. ఫైల్లో ఎప్పుడూ కొత్త కాగితం పైన ఉంటుంది, పాతది కింద ఉంటుంది. ఫైలు తెరిస్తే ముందు నిన్నటి ముచ్చట, అట్టడుగున మూలపురుషుడు. డిస్కులు కూడా ఫైలే గనక అదే వరసలో పెట్టారు. పైనుంచి వినడం మొదలెట్టాం. అట్టల మీద సంవత్సరాలు చూసి, ఇలా వింటే వెనకనుంచి ముందుకు విన్నట్టవుతుందేమోనని నేను ఒక నోటు పెట్టాను. 'ఫైలు పద్ధతి మార్చరాదు' అని ఎర్ర సిరాతో తిరిగొచ్చింది.

అలా మేం మొదట విన్న ఆల్బమ్ పేరు 'నిజంగానే ఆఖరి సెలవు'. అట్ట మీద అయిదుగురు ముసలివాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. పాటకీ పాటకీ మధ్య ఎవరో దగ్గుతున్నట్టు కూడా వినిపించింది. దాని కింద 'ఆఖరి సెలవు'. అందులో వాళ్ళు లేచి నిలబడ్డారు. దాని కిందది వింటుంటే హాలు కిటికీలు గొణిగాయి. ఇంకా కిందికి వెళ్ళేకొద్దీ పాటలు పరుగెత్తాయి, కిటికీలు కేకలేశాయి. 'కొలిమిలో పెళ్ళి' అనే ఆల్బమ్ రోజున గోడమీది గడియారం జారి పడి, పడ్డాక సరైన టైము చూపించడం మొదలెట్టింది.

వారం తిరిగేసరికి ఆఫీసుకు ఇదొక వ్యసనమైంది. మైకులు లేక మూగపోయిన చెత్త బళ్ళకు కూడా కొత్త మైకులు కట్టి ఈ పాటలే పెడితే శ్రవణం వేగంగా సాగుతుందని ఒక ఆలోచన పుట్టింది. బండి వీధి మొదట్లో ఉండగానే జనం చెత్త తెచ్చి, పొయ్యమని కాదు, పొమ్మని ఇచ్చేవారు. ఇంటిపన్ను బకాయిదారుల గుమ్మాల ముందు బండి కాసేపు నిలబెడితే బకాయిలు వాటంతటవే నడిచి వచ్చాయి. అది చూసి నీటి పన్నువాళ్ళు కూడా బండి అడిగారు. గట్టి రాయి అని ఊరికే అనలేదు, మా ఊరి పన్ను ఎగవేతదారుల్ని కూడా పగలగొట్టింది అని కమిషనర్ గారు రివ్యూ మీటింగులో అన్నారు. మేం నవ్వాం. ఆయన చమత్కరించినప్పుడు నవ్వడం సర్క్యులర్‌లో లేదు గానీ అలవాటులో ఉంది.

జూలై చివర్లో శ్రవణాధికారి మధ్యంతర నివేదిక ఇచ్చాడు. అదే కొంప ముంచింది. అందులోని ముఖ్యభాగం యథాతథంగా ఇది.

'బృందమువారు ఆరంభదశలో వృద్ధులై, నీరసించి, కూర్చుండి పాడుచుండిరి. క్రమేణా సేవానుభవము పెరిగినకొలది లేచి నిలబడిరి. పిదప జుట్టు మొలచినది. అటు పిమ్మట ముడతలు పోయినవి. ఒక డోలు వాయిద్యగాడు నాలుగవ ఆల్బమునందు పూలదండతో స్వర్గస్థుడై యుండి, అయిదవ ఆల్బము నాటికి తిరిగి విధులలో చేరియున్నాడు. ఇది ఇతర ఉద్యోగులకు ఆదర్శప్రాయము.'

చక్రధరం గారు దీన్ని రెండుసార్లు చదివించుకున్నారు. ఆ కళ్ళలో వెలుగు చూసి నాకు భయమేసింది. పనిచేసేకొద్దీ మనిషి ముసలివాడవుతాడన్నది మనవాళ్ళ అపోహ అనీ, జర్మన్లు దాన్ని శాస్త్రీయంగా తప్పని రుజువు చేశారనీ ఆయన అన్నారు. ఇంత కాలం మనం ఏం చేస్తున్నాం, ఉద్యోగి పుంజుకునే వేళకు దండ వేసి ఇంటికి పంపేస్తున్నాం. ఆ మాటంటూ ఆయన చూపు హాలంతా తిరిగి తిరిగి భానోజీరావు బట్టతల మీద ఆగింది.

"భానోజీరావు గారూ, మీరింకా మొదటి ఆల్బమ్‌లోనే ఉన్నారు. మీకు జుట్టు మొలవాల్సి ఉంది."

భానోజీరావు ఆ రోజు నుంచి పంతం పట్టాడు. ఎవరేం రాసుకుంటే తనకేం, ధ్రువపత్రం చేతికొస్తే ఆపేవాడెవడు. ఒక్క రోజు సెలవు పెట్టలేదు. జ్వరమొచ్చినా వచ్చి, జ్వరంతోనే విన్నాడు. మిగిలినవి ఎన్ని అని వరహాలమ్మ రోజూ అడిగేది. పద్యం సాధన చెయ్యబోతే నోట్లోంచి రాగం బదులు ఉరుముల బండి వస్తోందని, ఇంట్లో పిల్లి అటక ఎక్కి దిగడం లేదని ఆవిడ మా ఇంటికొచ్చి మొర పెట్టుకుంది. అయినా ఆగస్టు ఆఖరి రోజుకు అట్టడుగు ఆల్బమ్ 'గ్యారేజీ' ఒక్కటే మిగిలింది. అందులో వాళ్ళకు నూనూగు మీసాలు. ఆ అరుపుల్లో జీవితం మొత్తం ముందుంది.

మూడింటికి 'గ్యారేజీ' పెట్టాం. బయట వీడ్కోలు సభకు కుర్చీలు వేస్తున్నారు. మైసూరుపాకు పెట్టెలు దిగాయి. శాలువా వచ్చింది. చివరి పాట చివరి దెబ్బ పడగానే భానోజీరావు లేచి చొక్కా సర్దుకున్నాడు. సన్యాసినాయుడు ధ్రువపత్రం మీద పెన్ను పెట్టాడు.

అప్పుడే పోస్టుమాన్ వచ్చాడు. పార్సెలు. జర్మనీ ముద్ర. లోపల కొత్త ఆల్బమ్. పేరు 'మరొక్కసారి ఆఖరి సెలవు'.

నిబంధన నోరు తెరిచింది. కొత్త కాగితం పైన పడింది కాబట్టి ఫైలు మారింది. మారిన ఫైలును పైనుంచి కిందికి మళ్ళీ చదవాలి. వేరే మార్గం లేదని కమిషనర్ గారు ఎంతో విచారంగా చెప్పి, మైసూరుపాకు ఒకటి నోట్లో వేసుకున్నారు. శాలువా స్టోరులో పెట్టి తాళం వేశారు.

"ఆల్లు రిటైరవరు గురూ," అన్నాడు భానోజీరావు మెట్ల మీద కూలబడి. "ఆల్లవరు, నన్నవనివ్వరు."

సెప్టెంబరు అంతా అతను ఆఫీసులో అటూ ఇటూ కాని మనిషి. జీతాల బిల్లులో రిటైరయ్యాడు, హాజరు పట్టీలో ఉన్నాడు. అతని కుర్చీ కొత్త సూపరింటెండెంటుకు ఇచ్చేశారు గనక ఎదుటి బెంచీ మీద, అర్జీలు పెట్టుకునే జనంలో కూర్చునేవాడు. ఒకావిడ పాపం అతన్ని కూడా తనలాగే జనన ధ్రువపత్రం కోసం వచ్చినవాడనుకుని, ఎన్నాళ్ళనుంచి తిరుగుతన్నావు బాబూ అని అడిగింది. ముప్ఫై మూడేళ్ళ నుంచి అన్నాడితను. కార్తీకం దగ్గర పడుతోంది. రిలీవ్ కాకుండా రామవలస స్టేజీ ఎక్కితే అనుమతి లేకుండా ఎక్కినట్టే. అది నేరం. పెన్షను కాగితాలన్నీ ఆ నేరం దగ్గర ఆగిపోతాయి. పరిషత్తువాళ్ళు వేరే రాజును చూసుకుంటామని కబురు పంపారు. వరహాలమ్మ కిరీటం తుడవడం మానేసింది.

అంతలో పైనుంచి తంతి లాంటి ఉత్తరం. ఉరుముల బండి స్వయంగా వస్తోంది. వాళ్ళ ఆఖరి సెలవు యాత్రలో భాగంగా, సోదరి నగరంలో ఒక్క సాయంత్రం.

ఏర్పాట్లు శ్రవణాధికారి తుది నివేదిక ప్రకారం జరిగాయి. నివేదికలో చివరి పుట ప్రకారం బృందం వయసు ఇరవై దాటలేదు. అందుకని కళాశాల హాస్టల్లో డబుల్ డెక్కర్ మంచాలు వేయించారు. కబడ్డీ పోటీ పెట్టారు. వ్యాయామశాల ప్రారంభోత్సవం వాళ్ళ చేత చేయించాలని రిబ్బను కట్టారు. రైల్వే స్టేషన్లో మేళాలతో నిలబడ్డాం. బండి ఆగింది. చేతికర్ర పట్టుకుని, మోకాళ్ళకు పట్టీలు కట్టుకున్న ఒక పెద్దాయన దిగాడు. వెనక ఇంకో నలుగురు, అందరికీ తలా ఓ మందుల డబ్బా. పాడేది ఈ పెద్దాయనే. పేరు హెల్ముట్ జోలర్. ఇంటిపేరు జోలర్ అయినా జోలపాట జోలికి ఏనాడూ పోని మనిషి.

కమిషనర్ గారు దండ వేయలేదు. అబ్బాయిలు ఎక్కడ అని అడిగారు. మేమే అబ్బాయిలం అన్నాడు జోలర్ నవ్వుతూ, చక్కటి ఇంగ్లీషులో. చక్రధరం గారు నన్ను పక్కకు పిలిచి, అట్ట మీది ఫోటోకు మనిషికి పొంతన లేదని, వీళ్ళు బృందం తాలూకు తండ్రులై ఉంటారని, ఎందుకైనా మంచిది గుర్తింపు రుజువు తీసుకోమని చెప్పారు. పింఛనుదార్ల చేత ఏటా తీసుకునే జీవన ధ్రువపత్రం ఫారం ఒకటి నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. 'నేను సజీవుడనై యున్నాను' అన్న చోట జోలర్ చేత సంతకం పెట్టించాం. ఆయన దాన్ని ఆటోగ్రాఫ్ అనుకుని పక్కన ఓ గుండెకాయ బొమ్మ కూడా గీశాడు.

జర్మనీ అతిథితో జర్మన్‌లోనే మాట్లాడాలని ప్రోటోకాల్ కనక సన్యాసినాయుణ్ణి మధ్యన నిలబెట్టారు. జోలర్ ఏదో సుదీర్ఘంగా చెప్పాడు. సన్యాసినాయుడు గంభీరంగా విని తెలుగులో చెప్పాడు.

"ఒత్తిడి ఎక్కువున్నప్పుడు మూత తియ్యొద్దంటన్నారు సార్."

కమిషనర్ గారు ఇందులో లోతైన అర్థం ఉందన్నారు. ఆ తర్వాత నేను ఇంగ్లీషులో విడిగా అడిగితే అసలు సంగతి తేలింది. ఆయన ఆకలేస్తోందన్నాడు. టిఫిను పెట్టించి, ఇడ్లీల మధ్యన, మేం విన్న వరస చెప్పాను. పెద్దాయన చెంచా కింద పెట్టి ఎంతసేపు నవ్వాడంటే ఆయన డ్రమ్ము వాయించే స్నేహితుడు లేచి వీపు నిమరాల్సొచ్చింది. మమ్మల్ని వెనకనుంచి వింటూ వెళ్ళి కుర్రాళ్ళను చేశారా, మా డాక్టర్లు ఎన్నేళ్ళుగా ప్రయత్నిస్తున్నారో తెలుసా అన్నాడు. ఈ మాట కమిషనర్ గారికి విన్నవించాను. ఆయన, నివేదిక ఆమోదించబడింది గనక ఇక మార్చలేమని, వయసు విషయంలో బృందంవారే తగు సవరణ చేసుకోవాలని ఫైల్లో రాయించారు.

సాయంత్రం మున్సిపల్ మైదానం కిటకిటలాడింది. చెత్త బళ్ళ పుణ్యమా అని ఊళ్ళో చంటిపిల్లలకు కూడా ఉరుముల బండి పాటలు నోటికొచ్చు. వేదిక మీద ఏనుగుల్లాంటి స్పీకర్లు. జోలర్ మైకు పట్టుకున్నాడు, గిటారు ఒక్కసారి మొరిగింది, అంతే, మైదానం పక్కన ట్రాన్స్‌ఫార్మరు ఫట్‌మంది. ఊరంతా చీకటి. ఇదెప్పుడో అప్పుడు అవుతుందని ముందే చెప్పిన కరెంటాఫీసు వాళ్ళు కొట్టిన చప్పట్లు చీకట్లో వినిపించాయి.

కరెంటు లేకపోతే గిటారు కర్ర. వేల మంది జనం. ముందు ఈలలు, తర్వాత చెప్పులు. కమిషనర్ గారు ప్రసంగించబోయారు గానీ మైకు లేని ప్రసంగం మొదటి వరస దాటలేదు, దాటినంత మేరా ఎవరూ వినలేదు. వేదిక పక్కన పెట్రోమాక్సు లైటు దగ్గర నిలబడ్డ భానోజీరావు నా చెయ్యి పట్టుకున్నాడు. నేను వద్దన్నాను. ఇప్పుడెక్కితే నువ్వు ఉద్యోగివి, అనుమతి లేదు, పెన్షను సంగతేంటి అన్నాను.

"అడిగినపుడల్లా అయిపోయాక ఇచ్చేరు గురూ. ఇపుడయిపోయాక అడుగుతాను."

లైటు పట్టుకుని ఎక్కేశాడు. రాజ్యం పోగొట్టుకున్న రాజు సింహాసనానికి సెలవు చెప్పే పద్యం అది. మైకుల్లేని రోజుల వాళ్ళ దగ్గర నేర్చుకున్న గొంతు. మొదటి పాదానికి ముందు వరస ఊరుకుంది. రెండో పాదానికి చెప్పులు చేతుల్లోనే ఆగాయి. చివరి పాదం పట్టుకుని రాగం తీశాడు చూడండి, ముప్ఫై మూడేళ్ళు రికార్డు రూములో తొక్కిపెట్టిన రాగం, అది మైదానం దాటి, వాగు దాటి, నాకు తెలిసి కొత్తపేట బ్రిడ్జి దాకా వెళ్ళింది. ఆగేసరికి జనం ఒక్క గొంతుతో లేచారు.

"వన్స్ మోర్."

జోలర్ నా భుజం పట్టుకుని, ఆయన ఏం పాడాడు, వీళ్ళెందుకు అరుస్తున్నారు అని అడిగాడు. ఇది మా నాటకాల ఆచారమని చెప్పాను. రాజు రాజ్యానికి సెలవు చెప్పేస్తాడు. జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ వచ్చి మళ్ళీ సెలవు చెప్పాలి. యుద్ధంలో చచ్చిపడ్డ రాజయినా సరే, వన్స్ మోర్ అంటే బట్టలు దులుపుకుని లేచి పాడి, మళ్ళీ చావాల్సిందే.

పెద్దాయన ముఖం పెట్రోమాక్సు కన్నా వెలిగింది. "మరి మమ్మల్ని మా ఊళ్ళో తిట్టిపోస్తున్నారు," అన్నాడు, "ఇన్నిసార్లు ఆఖరి సెలవేంటని."

భానోజీరావు రెండోసారి ఎత్తుకున్నాడు. రాగం మధ్యలో ఉండగా కరెంటు వచ్చింది. గిటారు అతని వెనకే మెల్లగా నడిచింది. జోలర్ కర్ర పక్కన పడేసి గొంతు కలిపాడు. ఉరుము, మెరుపు, పద్యం. వాళ్ళ సౌండు కుర్రాడు అన్నీ రికార్డు చేసుకున్నాడు. వాళ్ళకది అలవాటట. జనంలో, ముందు వరసలో, వరహాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. సంచిలోంచి కిరీటం అంచు బయటికి కనిపిస్తోంది.

మర్నాడు పొద్దున్నే భానోజీరావుకు మెమో. 'ముందస్తు అనుమతి లేకయే రంగస్థలము నధిరోహించి, రెండు పర్యాయములు పద్యపఠనము గావించినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.' రెండో పర్యాయం తన తప్పు కాదని, అది జనం తప్పని అతను జవాబు రాశాడు. విచారణాధికారిని వేశారు. విచారణ తేలేదాకా రిలీవ్ చెయ్యడం కుదరదు. అసలే ఉరుముల బండి మధ్యలో ఉన్నాడు, ఇప్పుడు దాని చక్రానికి అడ్డుగా ఇంకో రాయి. పరిషత్తు పోటీలకు మూడు వారాలుంది. చేసిందానికి చింత లేదు గురూ, ఒకసారైనా పాడేను అని నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాల మీదే ఉంది.

ఆ మూడు వారాల్లో రెండు కరిగాక పార్సెలు వచ్చింది. కొత్త ఆల్బమ్. 'సింగన్నపేటలో ఆఖరి సెలవు'. అట్ట మీద జోలర్ పక్కన పెట్రోమాక్సు ఎత్తి పట్టుకున్న భానోజీరావు. వెనక వైపు బృందం పేర్లలో ఆరో పేరు అతనిది.

ఆఫీసంతా మూలిగింది. పైన పడింది కాబట్టి మళ్ళీ మొదట్నుంచి. నేను మాత్రం మూలగలేదు. స్టోర్స్ నిబంధనల పుస్తకం తీసి, చీపుర్ల కాంట్రాక్టరు తమ్ముడు చీపుర్లు బాగున్నాయని సంతకం పెట్టిన నాటి గొడవలో పుట్టిన నిబంధన ఒకటి వెతికి, నోటు రాశాను.

'సరుకు సరఫరా చేసినవారు సదరు సరుకును తామే పరిశీలించి ధ్రువీకరించరాదు. శ్రీ భానోజీరావు ప్రస్తుత సరుకులో అంతర్భాగమైయున్నారు. కావున శ్రవణార్హుల జాబితానుండి వారి పేరు తొలగించి, రిలీవ్ చేయవలసియున్నది. మరియు స్టాకులో ఎక్కిన సరుకుపై క్రమశిక్షణ చర్య తీసుకొను అధికారము ఈ కార్యాలయమునకు లేదు. ఆదేశముల నిమిత్తము.'

ఫైలు పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి చక్రధరం గారు పెళ్ళికొడుకులా ఉన్నారు. ఆయన్ను రాజధానికి, పెద్ద కుర్చీకి, ప్రమోషన్ మీద వేశారు. సోమవారం చేరాలి. బల్ల మీద ఉన్న కాగితాలన్నిటి మీదా చదవకుండా సంతకాలు పెడుతున్నారు. నా నోటు మీద కూడా పెట్టారు. పెట్టి, తన రిలీవింగు కాగితాలు వెంటనే సిద్ధం చెయ్యమన్నారు.

చిత్తం అన్నాను. అన్ని కాగితాలూ జతపరిచాను, ఒక్కటి తప్ప.

"సార్, తమరి శ్రవణ ధ్రువపత్రం?"

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. అది సిబ్బందికి గదయ్యా అన్నారు. 'ప్రతి ఉద్యోగియు' అని ఉంది సార్, 'పదోన్నతి' అని కూడా ఉంది, కింద సంతకం తమరిదే అన్నాను. సంతకాన్ని ఆయన చాలాసేపు చూశారు. సొంత సంతకమే, ఎవరో అప్పులవాడిదిలా చూశారు. చివరికి గొంతు తగ్గించి, కనీసం కిందనుంచి మొదలెడితే కుర్రాళ్ళ పాటలు కదా, చకచకా అయిపోతాయేమో, వరస మార్చే వీలుందా అని అడిగారు. నేను పాత నోటు తీసి ఎర్ర సిరా చూపించాను.

భానోజీరావును ఆ సాయంత్రమే రిలీవ్ చేశాం. స్టోరు తాళం తీసి శాలువా కప్పాం. మైసూరుపాకు లేదు, కమిషనర్ గారు ఆగస్టులోనే తినేశారు. శనివారం రామవలసలో నాటకం. మైదానంలో పద్యం సంగతి విన్న పరిషత్తువాళ్ళు రాజు వేషం అతనికే ఉంచారు. ఆఫీసంతా వ్యాను మాట్లాడుకుని, వరహాలమ్మను ముందు సీట్లో కిరీటంతో సహా కూర్చోబెట్టాం.

బయల్దేరే ముందు తాళాలు ఇవ్వడానికి కౌన్సిల్ హాల్లోకి తొంగి చూశాను. ఖాళీ కుర్చీల మధ్యన చక్రధరం గారు ఒక్కరే కూర్చున్నారు. చెవుల్లో దూది ఉందేమోనని సన్యాసినాయుడు వంగి చూస్తున్నాడు. నాలుగు మూలల మైకుల్లోంచీ భానోజీరావు సింహాసనానికి సెలవు చెబుతున్నాడు. పద్యం ముగిసింది. కమిషనర్ గారు ఊపిరి పీల్చుకుని, మొదటిది అయినట్టేనా నాయుడూ అని అడిగారు.

"ఇంకా లేదు సార్," అన్నాడు సన్యాసినాయుడు. "జనం వన్స్ మోరన్నారు."